పాటా, పురుగుల సద్దూ

మొన్న శనివారం మా అమ్మాయి బెంగళూరు హాస్టలు నుంచి చిక్కబళ్ళాపురం వచ్చింది. సంచి దించకముందే చెవుల్లోంచి రెండు తెల్లటి గింజలు తీసి నా అరచేతిలో పెట్టింది. చింతగింజ కంటే కాస్త పెద్దవి, అంతే. తీగల్లేవు, తలకు పట్టీ లేదు, పాటలు మాత్రం వస్తాయి. వేలితో ఒకసారి తడితే బయటి చప్పుడంతా మూతపడుతుందట. ఇంకోసారి తడితే పాట నడుస్తుండగానే బయటి చప్పుడు కూడా లోపలికి వస్తుందట. ఇది ఇప్పుడే వచ్చిన విద్య అని చెప్పి, వెల కూడా చెప్పింది. ఆ వెల నాకు వినబడనట్టే ఊరుకున్నాను. కానీ నవ్వు ఆగలేదు. పాటతో పాటు బయటి చప్పుడు వినిపించే సరుకును నేను ఇరవై ఏళ్ళ కిందటే చింతామణిలో కొన్నాను. మేకుకు వేలాడుతున్న ప్లాస్టిక్ పొట్లంలో, దుమ్ము పట్టి, అడిగేవాళ్ళు లేక పడి ఉన్నది. ఆ మాట చెప్తే మా అమ్మాయి నమ్మలేదు. నమ్మకపోతే పోనీలే గానీ, నా మనసు మాత్రం అప్పటికే మా ఊరి పురుగుల ఇంట్లోకి వెళ్ళిపోయింది.

కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దున, చాకవేలుకు ఇవతల మా ఊరు. చుట్టూ వేరుశనగ, రాగి చేలు. వాన వస్తే పంట, రాకపోతే ఆకాశంకేసి చూడడం. మాకు మాత్రం ఒక బోరు, దాని కింద ఎకరం మల్బరీ తోట ఉండేవి. ఇంటి వెనక పొడుగాటి పెంకుల కొట్టంలో మా మేనత్త పట్టుపురుగులు మేపేది. మేనత్త అంటే మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. బాగేపల్లిలో ఇచ్చారు, ఏడాది తిరగకుండానే వెనక్కి వచ్చేసింది. ఎందుకొచ్చిందో ఆమె చెప్పలేదు, ఇంట్లో అడగనూ లేదు. ఊరు మాత్రం అడగడం మానలేదు. ఆమె వచ్చిన మూడో రోజే తలకు గుడ్డ చుట్టుకొని పురుగుల ఇంట్లోకి దూరిందట. అక్కడికి అందరూ రాకూడదు. కాళ్ళు కడుక్కొని రావాలి, బీడీ తాగి రాకూడదు, పూలు పెట్టుకొని రాకూడదు, పరాయివాళ్ళు గడప తొక్కకూడదు. ఈ కట్టుబాట్లన్నీ పురుగుల క్షేమం కోసం పెట్టినవే గానీ, వాటి మాటున మా అత్తకూ ఒక ఇల్లు దొరికింది. పంట ఉన్నన్నాళ్ళు పగలంతా అక్కడే, అన్నం కూడా ఆ గడప దగ్గరికే వెళ్ళేది.

కిటికీలకు పచ్చటి వల కట్టి ఉండేది. మధ్యాహ్నం పూట లోపలికి వెళ్తే వెలుతురు కూడా ఆకు రంగులోనే ఉండేది. అంచెలంచెలుగా తట్టలు, తట్టల నిండా పురుగులు, వాటి మీద ఇప్పుడే కోసిన మల్బరీ ఆకు. కాసేపు కదలకుండా నిలబడితే చప్పుడు మొదలయ్యేది. వేల పురుగులు ఒక్కసారి ఆకు కొరుకుతుంటే పెంకుల మీద సన్నటి తుంపర పడుతున్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు నేను ఎన్నోసార్లు బయటికి పరిగెత్తి ఆకాశం చూశాను. ఎండ కాస్తూ ఉండేది. లోపలికి వస్తే మళ్ళీ వాన. ఆ వానలో అత్త ఒక తట్ట నుంచి ఇంకో తట్టకు, ఆకు చల్లుకుంటూ, నిద్రలో నడిచే మనిషిలా మెల్లగా కదిలేది. ఇప్పటికీ నాకు నిద్ర పట్టని మధ్యాహ్నాల్లో ఆ చప్పుడు గుర్తు తెచ్చుకుంటే చాలు, కళ్ళు మూతలు పడతాయి.

ఆ చప్పుడే మా ఇంటికి అన్నం పెట్టేది. పురుగు పెరిగే లోపల నాలుగుసార్లు తోలు మారుస్తుంది. దాన్ని మా వైపు జరం అంటారు. జరం పట్టిన పురుగు ఆకు మానేసి, తల పైకెత్తి, ఒక రోజంతా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. అప్పుడు మేపు ఆపి, సున్నం చల్లి, తలుపు వేసి బయటికి వచ్చేయాలి. తెలియక ఇంకో మేపు వేస్తే కూర్చున్న పురుగులు పచ్చి ఆకు కింద చిక్కుకొని, ఆ తేమకు రోగం తగిలి పోతాయి. కంటితో చూసి కనిపెట్టేసరికి ఆలస్యమవుతుంది. చెవికి ముందే తెలుస్తుంది, తుంపర పలచబడుతుంది. ఆ పలచబడడాన్ని పట్టుకోవడం ఒకప్పుడు మా అవ్వ విద్య. అవ్వకు చెవుడు వచ్చాక అది అత్తకు వచ్చింది. అత్త "కూర్చుంటాండాయి" అన్నదంటే మా నాయన తోటలో ఆకు కోత ఆపించేవాడు, మారు మాట అడిగేవాడు కాదు. ఇంట్లో ఆమె మాటకు అంత విలువ దొరికే చోటు అదొక్కటే.

అయితే జరం రోజున అత్త ముఖం చూస్తే ఆమెకే జరం వచ్చినట్టుండేది. పురుగుల ఇల్లు మూశాక వంటింట్లోకి రావాలి కదా. అక్కడ అవ్వ సాధింపు, పక్కింటివాళ్ళ పరామర్శ, బాగేపల్లి నుంచి ఎవరైనా వచ్చిపోయారా అన్న ఆరా. ఆ రోజంతా ఆమె రాగి పిండి జల్లిస్తూ తల ఎత్తేది కాదు.

ఆమెకు పాటలంటే పిచ్చి. కానీ పురుగుల ఇంట్లో పాట నిషిద్ధం. ఇది అవ్వ శాసనం. "పాట యింటే పురుగు తలకాయెత్తి యింటాది, ఆకు ముట్టదు" అనేది. అవ్వ అనుకోవడంలోనూ తప్పులేదు. జరం పట్టిన పురుగుల తట్టను చూస్తే అవన్నీ తలలెత్తి ఎక్కడినుంచో వచ్చే పాట వింటున్నట్టే ఉంటాయి. రేష్మె ఇలాఖె, అంటే పట్టు పరిశ్రమ శాఖ వాళ్ళు వచ్చి అది పాటకు కాదని చెప్పారు. అవ్వ వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపింది, శాసనం మాత్రం మారలేదు. మా రేడియో వసారాలోనే ఉండేది. అత్త గోడకు ఇవతల ఆకు చల్లుతూ అందినంత పాట వినేది. పల్లవి అందేది, చరణంలో సగం ఎద్దుల మెడగంటలకు పోయేది.

నేను డిగ్రీ అయ్యాక చింతామణిలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. తోటి టీచరమ్మతో కలిసి ఒక గది, శనివారం వస్తే ఊరి బస్సు. మొదటి జీతంతో ఎవరెవరికి ఏం కొనాలో నెల ముందు నుంచే కలలు కన్నాను. అత్తకు మాత్రం ఆలోచించకుండా కొన్నాను, బొటనవేలంత పాటల పెట్టె. కంప్యూటరు సెంటరు ఆయన ఆమె ఇష్టపడే పాత సినిమా పాటలు దాంట్లో నింపి ఇచ్చాడు. దాంతో పాటే వచ్చిన ఇయర్‌ఫోన్లు చెవి రంధ్రంలోకి బిరడాల్లా దూర్చుకునే రకం. తలగుడ్డ కింద తీగ దాస్తే ఎవరికీ కనబడదు. అవ్వ శాసనం పురుగులకు పాట వినబడకూడదనే కదా, మనుషులకు కాదు కదా అని నేను లాయరులా వాదించాను. అత్త నవ్వి, పెట్టెను చీర కొంగులో ముడి వేసుకుంది. ఆ తరువాతి శనివారం నేను గడప దగ్గర నిలబడి చూశాను. పురుగుల వాన పడుతోంది. పచ్చటి వెలుతురులో అత్త ఆకు చల్లుతోంది. ఆమె చెయ్యి ఊపులో నాకు వినబడని తాళం ఒకటి నడుస్తోంది. అంత సంతోషంగా ఆమెను నేను ముందెప్పుడూ చూడలేదు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ వానాకాలం పంటలో నాలుగో జరం నాడు అత్త ఇంకో మేపు వేసేసింది. పురుగులు అప్పటికే కూర్చున్నాయి. మరునాడు ఆకు ఎత్తి చూస్తే కింద సగానికి పైగా నల్లబడి ఉన్నాయి. నేను ఆ ఆదివారం అక్కడే ఉన్నాను. మా నాయన తట్టలు ఒక్కొక్కటే బయటికి మోసి దిబ్బలో గుమ్మరించాడు. అత్త వంగి తట్ట ఎత్తబోయినప్పుడు తలగుడ్డ జారింది, చెవి నుంచి తీగ వేలాడింది. అవ్వ దగ్గరికి వచ్చి, ఆ తీగను రెండు వేళ్ళతో పట్టుకొని చూసి, వదిలేసింది. తిట్టినా బాగుండేది. అత్త పెట్టె తీసి నా చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ బిరడాలు తెచ్చిచ్చింది నేను కాబట్టి ఆ దిబ్బంతా నా పాపమే అని నాకు అనిపించింది.

తరువాతి పంటకు మా నాయన ప్రతి మేపుకూ పురుగుల ఇంట్లోకి రావడం మొదలుపెట్టాడు.  తట్ట మీదకు వంగి చూసి, చెవి ఒగ్గి, వెళ్ళిపోతాడు. అత్త ఆకు పట్టుకొని గోడకు జరిగి నిలబడేది, పరాయి ఇంట్లో నిలబడినట్టు. ఇంకొన్నాళ్ళు పోతే మేపు పని కూలిమనిషికి అప్పజెప్పి అత్తను వంటింట్లో ఉంచుదామని అవ్వ అంటోందని మా అమ్మ చెప్పింది.  అత్తకు ఉన్నది ఆ ఒక్క ఇల్లు. దాన్ని నేనే ఊడగొట్టాను.

సోమవారం బడి వదలగానే చింతామణి బజారులోని పాటల సామాన్ల అంగడికి వెళ్ళాను. అంగడాయన ముందు తలకు పట్టీ ఉండేది తీశాడు. దిండ్ల లాంటి మెత్తలు, పెట్టుకుంటే చెవులు రెండూ ఉడికిపోతాయి. పైగా తలగుడ్డ మీద పట్టీ నిలవదు. తరువాత సన్నటి ఇనుప పట్టీది, అది వంగి ఆకు చల్లేసరికి ముక్కు మీదకు వచ్చే రకం. బిరడాల రకం వద్దని ముందే చెప్పేశాను. నా బాధేమిటో ఆయనకు అర్థం కాలేదు. చివరికి మేకు మీది పొట్లం నా కంటబడింది. రెండు గుండ్రటి బిళ్ళలు, ఒక్కోదానికి చెవి వెనక తగిలించుకునే సన్నటి కొక్కెం. తలతో పని లేదు, రంధ్రంతో పని లేదు. కమ్మ మాదిరి చెవికి వేలాడుతుంది, బరువు తమలపాకంత. మా అత్తకు చెవి పై అంచున చిన్న బంగారు రింగు ఉండేది, దానికి ఒరుసుకోకుండా కొక్కెం పడుతుందా అని నా చెవి పైన వేలు పెట్టి కొలుచుకున్నాను. వెల కూడా టీచరమ్మ జీతానికి తలవంపులు తేనిది. దీంట్లో దడదడలాడే మోత రాదు, బయటి గోలంతా లోపలికి వస్తుంది, అందుకే ఎవరూ కొనరని అంగడాయన నిజాయితీగా చెప్పాడు. నేను పాట పెట్టించుకొని, వెనక నిలబడి పాత పేపరు మెల్లగా నలపమన్నాను. ఆయన నలిపాడు. వినబడింది. ఇంకా మెల్లగా అన్నాను. ఇంకా మెల్లగా నలిపాడు. అప్పుడూ వినబడింది.

"ఇదేం పరీక్షమ్మా? పాట బాగ యినబడాలని వస్తారు అందరూ. మీరు బయటి సద్దు యినబడాలంటాండారు" అన్నాడాయన.

శనివారం చేలూరు మీదుగా వెళ్ళే బస్సులో దాన్ని చెవులకు తగిలించుకునే కూర్చున్నాను. చెవులు నొప్పి పుడతాయేమో చూడాలి కదా, ఆమె గంటల తరబడి పెట్టుకోవాల్సినవి. గంట గడిచేసరికి చెవి మీద ఒక వస్తువుందన్న మాటే మరిచిపోయాను. పాట నడుస్తోంది. పాట వెనకనే కండక్టరు కన్నడంలో చిల్లర అడుగుతున్నాడు, ముందు సీటులో ఇద్దరు తెలుగులో టమోటా ధర చెప్పుకుంటున్నారు, ఎవరి బుట్టలోనో కోడి గొణుగుతోంది. అన్నీ ఆ పాట కోసమే వాయిస్తున్నట్టున్నాయి. కిటికీలోంచి ఎర్ర నేల, గుట్టలు, సాయంత్రపు ఎండ వెనక్కి తేలిపోతున్నాయి. ఆ బస్సు ఎప్పటికీ ఊరు చేరకపోయినా బాగుండుననుకున్నాను. చేరింది, పైగా పావుగంట ముందే.

ఇంట్లో అందరి ముందే పొట్లం విప్పాను. దొంగతనంగా ఇచ్చి ఒకసారి చూశాం కదా. అవ్వ చూపు తిప్పేసుకుంది. నాయన వద్దనలేదు, సరేననలేదు. అత్త వాటిని తీసుకొని, ఒక చెవికి తగిలించుకొని, తీసి, మళ్ళీ తగిలించుకొని, వాళ్ళ అన్న వైపు చూసింది.

"ఈ తూరి పంట చెడితే పురుగుల ఇంట్లోకి నేను మళ్ళా పోను, అన్నా. వంటింట్లోనే పడుంటాను" అంది.

 నేను పేపరు నలిపి చేసిన పరీక్ష మీద ఆమె తన ఇల్లే పందెం కాసేసింది. మళ్ళీ నాలుగో జరం దగ్గర పడిన రోజుకు నేను బడికి సెలవు పెట్టి వచ్చాను. మధ్యాహ్నపు మేపు. అవ్వ గడపలో కూర్చుంది. నాయన తట్టల దగ్గర నిలబడ్డాడు. అత్త తలగుడ్డ కట్టుకొని, దాని మీదుగా అందరికీ కనబడేటట్టు ఆ బిళ్ళలు తగిలించుకొని, ఆకు చల్లుతోంది. తుంపర పడుతూనే ఉంది, నా చెవికి ఏ తేడా లేదు. సగం తట్టలు అయ్యాక ఆమె చెయ్యి గాలిలో ఆగింది. చేతిలో ఆకు అలాగే ఉంది. పాట నడుస్తోందని ఆమె పాదం చెప్తోంది.

"చాలు. కూర్చుంటాండాయి" అంది.

నాయన వంగి చూశాడు. పురుగులు ఇంకా మెసులుతున్నాయి. ఇంకా తింటాండాయి కదా అని గొణిగాడు. అత్త చల్లిన ఆకును కూడా తట్టల మీద నుంచి ఏరడం మొదలుపెట్టింది. నాయన కాసేపు ఆమెను చూసి, బయటికి వెళ్ళి కోత ఆపమని కేక వేశాడు. పొద్దు వాలేసరికి తట్టల్లో పురుగులన్నీ తలలెత్తి కూర్చున్నాయి, ఒక్కటి కూడా కదల్లేదు. ఆ పంట పట్టుగూళ్ళు చింతామణి మార్కెట్టులో చేత్తో ఎత్తి చూపించుకునేటట్టు వచ్చాయి. తరువాత నాయన మేపులకు రావడం మానేశాడు. అవ్వ శాసనం గురించి మళ్ళీ ఎత్తలేదు. ఆ బిళ్ళల మీది నురగ చినిగితే అత్త పాత చీర గుడ్డతో కుట్టుకొని చాలా ఏళ్ళు వాడింది.

నాకు పెళ్ళయి చిక్కబళ్ళాపురం వచ్చాక ఈ కథ నా చేతుల్లో బాగా పెరిగింది. అంగడి, పేపరు నలపడం, బస్సు, పందెం, అన్నీ ఊరించి చెప్పేదాన్ని. బోరు ఎండిపోయి, మల్బరీ పీకేసి, పురుగుల ఇంట్లో వేరుశనగ మూటలు పేర్చుకున్నాక అత్త ఒక చలికాలం మా ఇంట్లో పది రోజులుంది. మా ఆయనకు ఆ కథ ఎన్నోసారో చెప్పి, ఆ బిరడాలు తెచ్చి ఆమె చెవులు మూసింది నేనే, అంగడంతా వెతికి మళ్ళీ తెరిచిందీ నేనే అని ముగించాను. ఆయన ఆఫీసుకు వెళ్ళాక మేమిద్దరం పితికిపప్పుకు నానబెట్టిన అనపగింజలు ఒలుస్తూ కూర్చున్నాం. 

"ఆ పొద్దు నాకు యినబడలేదని కదా నువ్వు అందరికీ చెప్తాండావు" అంది అత్త. "యినబడింది పాపా. అన్నేండ్లు యిన్న సద్దు, చెవుల్లో ఏదో పెట్టుకుంటే పోతాదా. అవి కూర్చుంటాండాయని తెలిసే ఆకు ఏసినాను. చాలని చెప్తే తలుపేసి వంటింట్లోకి రావల్ల. ఇంకో మేపు ఏస్తే ఇంకో గంట పాటలు యినుకుంటా ఉండొచ్చు."

 ఇన్నేళ్ళు మోసిన పాపం నాది కాదని తేలిక పడాలో, అంగడిలో నేను చూపించిన పాండిత్యమంతా ఉత్తదేనని చిన్నబోవాలో తెలియలేదు. అన్ని పురుగులు పోయాయే అని అడగబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. చేసిన తప్పు ఆమెకు తెలుసు, అందుకే తన ఇంటిని పందెం కాసింది. పందెం నాడు ఆమె చెయ్యి గాలిలో ఆగినప్పుడు వదులుకున్నదేమిటో నాకు అప్పుడు తెలిసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త మాత్రం గింజలు పితుకుతూ, ఎక్కడో చూస్తూ, చిన్నగా నవ్వింది.

"ఎంత బాగుండినాదో ఆ గంట" అంది.

ఆ పంట పోయిన నష్టాన్ని మా ఇల్లు రెండేళ్ళలో పూడ్చుకొని మరిచిపోయింది. తన కోసమని ఆమె తీసుకున్న ఆ ఒక్క గంట మాత్రం, ఆమె పోయి నాలుగేళ్ళయినా, నాకు ఇంకా అయిపోనట్టే ఉంది.